పాలు లేని ఉర్లగడ్డ రొట్టె

ఉర్లగడ్డ రొట్టెను పెనం మీద విరక్కుండా తిప్పడంలో చిక్కబళ్ళాపురం జిల్లా మొత్తంలో నన్ను మించినవాడు లేడు. బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఎవరినైనా అడగండి.

మా అక్క మేఘను మాత్రం అడక్కండి. ఆ మాఘమాసంలో నేను తిప్పిన మొదటి రొట్టె రెండు ముక్కలయింది. రెండోది ఐదు. మూడోది ఎన్ని ముక్కలయిందో తేలలేదు. సగం స్టవ్ సందులో పడింది, మిగతా సగం మా అమ్మ చీర మీద దొరికింది. నాలుగోదానికి అక్క నా చేతిలోంచి అట్లకాడ లాక్కుంది.

"రొట్టె తిప్పరా అంటే చేను దున్నినట్ల దున్నతాండావే! పక్కకు జరుగు."

"పెనం సరిగ్గా లేదక్కా."

"పెనం అవ్వ పెండ్లినాటిది. అది నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నువ్వే నేర్చుకోవల్ల."

మాది మండికల్. రెండు పనులే మాకు తెలుసు, చేను, ఆవులు. మా నాయన నారాయణస్వామి పొద్దున నాలుగున్నరకే లేస్తాడు. ఆయన లేచిన శబ్దం విన్నాకే ఊళ్ళో కోళ్ళకు కూయడానికి ధైర్యం వస్తుంది. నాలుగు ఆవుల పాలు పిండి, క్యాను బండికి కట్టుకుని డైరీకి పోయి పోసి వస్తాడు. నేను చింతామణిలో బీకాం చదువుతున్నాను. అంటే రోజూ బస్సులో చింతామణి పోయి వస్తున్నాను.

అక్క బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఆఫీసు బిల్డింగు ఏదో రిపేరని రెండు నెలలు ఇంటి నుంచే పని చేయమన్నారట. వచ్చేటప్పుడు ఒక బ్యాగు, ఒక ల్యాప్‌టాప్, ఒక కొత్త మాట తెచ్చింది. ఆ మాట వీగన్.

"వీకా? చెప్పల్ల గదమ్మా. డాక్టరుకు చూపిద్దాము," అన్నాడు నాయన.

"వీక్ కాదు నాయనా, వీగన్. పశువుల నుంచి వచ్చేది ఏదీ తినను. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, ఏదీ వద్దు."

నాయన అప్పుడే డైరీ నుంచి వచ్చాడు. చేతిలో ఖాళీ క్యాను ఉంది. క్యాను వైపు చూశాడు. కొట్టం వైపు చూశాడు. అక్కడ మా ఎర్రావు మేత నములుతూ ఇటే చూస్తోంది.

"ఆవుకు చెప్పొద్దు," అన్నాడు.

"అవ్వకు గూడా చెప్పొద్దు," అంది అమ్మ. "పాలు పోసే ఇంట్లో పుట్టిండే బిడ్డ పాలు వద్దంటాదని తెలిస్తే ముసలామె మనసు కష్టపెట్టుకుంటాది. కడుపు బాగలేదు, పథ్యంలో ఉండాదని చెప్తాను. మీరు నోరు మూసుకొని ఉండండి."

చివరి మాట అందరికీ చెప్పినట్టే ఉంది గాని అమ్మ చూసింది నన్ను ఒక్కడినే.

అలా ఆ నెల మా ఇంట్లో ఉర్లగడ్డ రొట్టెల కాలం మొదలయింది. చేలో గడ్డ తవ్వుతున్నారు. పుస్తకాల్లో దాన్ని బంగాళాదుంప అంటారు. మా చేలో మాత్రం బంగారం, బెంగాలు రెండూ లేవు, మట్టి అంటుకున్న ఉర్లగడ్డే. అక్క బెంగళూరులో ఎక్కడో గడ్డతో చేసిన ప్యాన్‌కేక్ తిన్నదట, అందులో గుడ్డు, పాలు పోస్తారట. అవి రెండూ లేకుండా అదే రుచి తెస్తానని పంతం పట్టింది. గడ్డ తురమడం, పాత తువాలులో మూటగట్టి పిండడం, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, అల్లం, ఉప్పు కలపడం, పెనం మీద తట్టడం. అంతవరకు బాగానే ఉండేది. తిప్పగానే విడిపోయేది. కొత్త గడ్డలో నీళ్ళెక్కువ. మొదటి వారం మేము తిన్న ముక్కలన్నీ పోగేస్తే గుడిబండె కొండ పక్కన ఇంకో కొండ లేచేది, కొండ కింద ఉండే సర్కారు ఆఫీసులకు ఇంకాస్త నీడ దొరికేది.

దారి చూపింది అవ్వ.

మా అవ్వ మునిలక్ష్మమ్మ, నాయనకు అమ్మ. అరుగు మీద కూర్చుని ఇల్లంతా నడుపుతుంది. ఆ రోజు అక్క గడ్డ పిండిన నీళ్ళు పెరట్లో పారబోయడానికి పోతుంటే అరిచింది.

"ఏయ్, పారబొయ్యొద్దే! ఆ గిన్నె అట్లే పెట్టు. కదిలించొద్దు."

"ఏముంటాదవ్వా అందులో?"

"చూడు, ఉండు."

అరగంట తర్వాత పైనీళ్ళు వంచేస్తే గిన్నె అడుగున తెల్లటి పిండి, సున్నం పూసినట్టు గట్టిగా పేరుకుని ఉంది. "మీ తాత పంచెలకు ఇదే గంజి పెట్టేదాన్ని. ఆయన కూర్చుంటే పంచె మాత్రం నిలబడేది," అంది అవ్వ. "బట్టనే నిలబెట్టిండేది, నీ రొట్టెను నిలబెట్టదా?"

నిలబెట్టింది. ఆ తెల్లపిండిని తురుములో కలిపి, రెండు పిడికిళ్ళు బియ్యప్పిండి వేసి, చెనక్కాయ నూనెలో సన్నమంట మీద కాలిస్తే రొట్టె అంచుల్లో కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, ముక్క విరక్కుండా తిరిగింది. మొదటి రొట్టె అవ్వకే. అవ్వ పళ్ళు లేని వైపు నుంచి పళ్ళున్న వైపుకు జరుపుకుంటూ పూర్తిగా తినేసి, "ఇంగొకటి పెట్టు," అంది. అక్క అవ్వ మెడ పట్టుకుని ఊగింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఇద్దరూ వేరే ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో నేనొకడిని ఉన్నానని గుర్తుచేయడానికి రెండుసార్లు తుమ్మాల్సి వచ్చింది.

ఆ వారంలోనే బయ్యప్ప వచ్చాడు. తాలూకా ఆఫీసు ముందర బల్ల వేసుకుని పత్రాలు రాసే మనిషి. అవ్వే కబురు పెట్టింది.

"బయ్యప్పా, మా నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిండే రెండెకరాలు ఉండాది గదా. నేను ఉండగానే రాసేద్దామనుకుంటా. ఆడబిడ్డకు వచ్చిండే భూమి ఆడబిడ్డకే పోవల్ల. ఒక ఎకరా మేఘకు. ఇంగొక ఎకరా వీడికి."

"వీడికి ఎందుకమ్మా?" అన్నాడు బయ్యప్ప నన్ను చూసి. పక్షపాతం లేకుండా, తెలుసుకుందామనే అడిగాడు.

"వీడు పక్కనే ఉండాడు గదా. ఇయ్యకపోతే ఏడుస్తాడు."

"సరే. ముందు బిడ్డను ఒక మాట అడగమ్మా. బెంగళూరులో ఉండే బిడ్డలు. కావల్లో వద్దో. అంతా రాసినాక వద్దంటే నాకు మళ్ళా పని."

అవ్వ నా వైపు తిరిగింది. "లోపలికి పోయి అడిగి రాపో తేజస్. పాలు కావల్నా అని."

ఆవు ఇచ్చేదీ పాలే, ఆస్తిలో వచ్చేదీ పాలే. తెలుగులో ఈ రెండింటినీ ఎవరో ఒకే చెంబులో పోసి పెట్టారు. వందల ఏళ్ళుగా ఆ చెంబును ఎవరూ ఒలకబోయలేదంటే, మా వంశంలో నేను అప్పటికి పుట్టకపోవడమే కారణం.

నేను వంటింట్లోకి పోలేదు. గడప దగ్గరే నిలబడి, అరుగు మీదికి వినబడేలా అడిగాను.

"అక్కా! పాలు కావల్నా అని అడుగుతాండారు!"

లోపల అక్క తురుము పిండుతోంది. అమ్మే అడిగించిందనుకుంది.

"వద్దని ఎన్నిసార్లు చెప్పల్లరా? నాకు పాలు వద్దు! రవ్వంత గూడా వద్దు! ఇంగొకసారి అడిగితే రేపే బెంగళూరు బస్సెక్కుతా!"

బయ్యప్ప పెన్ను ఆగిపోయింది. "నలభై ఏండ్లుగా పత్రాలు రాస్తాండా. పాలు తక్కువాయనని కొట్టుకుండేవాళ్ళను చూసినా. ఇట్ల వద్దనే బిడ్డను ఇదే చూడ్డము," అన్నాడు.

విడమరిచి చెప్పడానికి నా నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. అందరం నవ్వుతాం, అవ్వ నా వీపు మీద ఒకటి వేస్తుంది, అంతే అనుకున్నాను. అవ్వ కొంగు సరిచేసుకుంది. దాన్ని మళ్ళీ సరిచేసుకుంది. అది మొదటే సరిగ్గా ఉంది.

"సరేప్పా," అంది. "మొత్తం వీడికే రాయి."

సరిగ్గా అప్పుడే అక్క బయటికి వచ్చి, వేడి రొట్టె ఒకటి నా నోట్లో కుక్కి లోపలికి పోయింది. నోరు నిండా రొట్టె. నిజానికి చోటు లేదు. రేపు చెబుదామనుకున్నాను. మరునాడు కూడా రొట్టె చేశారు.

నాలుగు రోజుల తర్వాత మేము ముగ్గురం పెరట్లో గడ్డ ఏరుతున్నాం. పెద్దవి మండీకి ఒక కుప్ప, చిన్నవి ఇంటికి ఒక కుప్ప. అవ్వ చేతులు ఆపకుండానే మొదలుపెట్టింది.

"ఏమే, పాలు వద్దనేస్తివి."

అక్క తలెత్తి నా వైపు కాల్చేసేలా చూసింది. వీగన్ సంగతి నేనే అవ్వకు చేరవేశాననుకుంది. నేను చేతిలో ఉన్న ఉర్లగడ్డను పరిశీలిస్తున్నాను. చాలా మంచి గడ్డ.

"తెలిసిపోయిందా అవ్వా? అవును. వద్దు."

"యాలే? నేనేమి తక్కువ చేసినా నీకు?"

"నువ్వేం చేసినావవ్వా. నాకే మనసు ఒప్పలేదు. ఇంగొకరికి చెందాల్సిండేది నేనెందుకు తీసుకోవల్ల?"

"ఇంగొకరంటే? ఈ చిన్నోడా?"

అక్క కొట్టంలో కట్టేసిన దూడ వైపు చూసింది. అది మగదూడ. "అవునవ్వా, చిన్నోడే గదా పాపం. నోరు లేని ప్రాణం. వాని నోటికాడిది మనం లాక్కుంటే ఎట్ల?"

అవ్వ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నోరు లేని ప్రాణమని నన్ను అప్పటిదాకా ఎవరూ అనలేదు. నేను దానికి తగ్గట్టు ముఖం పెట్టాను.

"మా అమ్మ, నేను, దాని మీదనే బతికినాము మేఘా."

"మీరు బతికినారవ్వా. నేను తప్పని అనలేదు. నాకు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు."

అవ్వ చేతిలోని పెద్ద గడ్డను చిన్నవాటి కుప్పలో వేసింది. డెబ్బై ఏళ్ళుగా గడ్డ ఏరుతున్న చెయ్యి అది.

అప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి అంత మంచి సమయం మళ్ళీ రాలేదు.

ఆ పూట నుంచి అవ్వ ఉర్లగడ్డ రొట్టె తినడం మానేసింది. "కడుపు నిండింది," అనేది. ఆ తర్వాత రాగిముద్ద తినేది. మంచినీళ్ళు కావాలన్నా, వక్కాకు తెమ్మన్నా నన్నే పిలిచేది. అక్క పక్కనే ఉన్నా సరే, నేను ఊళ్ళో ఏ మూలనున్నా సరే. అక్క అవ్వ పళ్ళ కోసమని గడ్డ సగం ఉడికించి, మెత్తగా ఇంకో రకం రొట్టె చేసింది. జీలకర్ర వేసి ఒకటి, మెంతాకు వేసి ఒకటి. పళ్ళెం తీసుకుపోయి అరుగు మీద పెట్టేది. అరగంటకు పోయి అదే పళ్ళెం తెచ్చుకునేది. చల్లారిన రొట్టెలన్నీ నేనే తిన్నాను. న్యాయానికి కట్టుబడి, ఒక్కటీ వదల్లేదు.

"పాలు మానేసినానని అవ్వ నన్నే మానేసిందమ్మా," అంది అక్క ఒక మధ్యాహ్నం.

"నేను మొదటే చెప్తిని, చెప్పొద్దని," అంది అమ్మ, నన్ను చూస్తూ. అమ్మ కూడా తప్పు నాదేనంది, కాకపోతే వేరే తప్పు.

"శివరాత్రి దాకా ఉందామనుకుంటి. యాల ఉండల్ల? ఆఫీసోళ్ళు పిలవకపోయినా పోతాను. పీజీ హాస్టల్లో అయితే నా మొహం చూసి ఎవరూ పక్కకు తిరగరు."

ఆమె వెళ్ళాల్సిన రోజు పొద్దున, బ్యాగు వంటింటి గుమ్మం పక్కనే ఉంది. నాయన డైరీకి పోయాడు. అక్క దారిలోకని కొన్ని రొట్టెలు కాలుస్తోంది. బయ్యప్ప కాగితాలతో వచ్చాడు.

"దానపత్రం రెడీ అమ్మా. రేపు ఎవరూ తకరారు అనకుండా, బిడ్డ గూడా సమ్మతమేనని ఒక ఒప్పిగె పత్రానికి సైను చేస్తే మేలు. పాలు వద్దని తన నోటితోనే చెప్పె గదా, అదే రాసినా."

నేను లేచాను. "ఇట్ల ఇవ్వు బయ్యప్పా. అక్క చేతులు పిండిగా ఉండాయి. నేనే వేలిముద్ర వేయించుకొని వస్తా."

"ఇంజనీరు చదివిండే బిడ్డకు వేలిముద్ర యాలప్పా?" అని బయ్యప్ప తనే వంటింటి గుమ్మం దాకా నడిచాడు. వెనకాలే అవ్వ, గోడ పట్టుకుని. అక్క ముఖం చూడకుండా, పొయ్యి వైపు చూస్తూ, "సైను చెయ్యి," అంది అవ్వ.

అక్క చెయ్యి తుడుచుకుని కాగితం అందుకుంది. పత్రం కన్నడంలో ఉంది. మా ఊరి బడిలో పదేళ్ళు కన్నడంలోనే చదివింది కాబట్టి అలవాటుగా పైకే చదివింది.

"నన్న అజ్జియవర జమీనినల్లి ననగె యావుదే పాలు బేడవెందు..."

మా అవ్వ జమీనులో నాకు ఏ పాలూ వద్దని. అక్కడ ఆగింది.

కన్నడంలో ఆవు ఇచ్చేది హాలు. పాలంటే భాగం, అంతే. కన్నడంవాళ్ళు రెండింటికీ రెండు చెంబులు పెట్టుకున్నారు.

అక్క ఆ వరసను మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి లోపలే. పెనం మీద రొట్టె అంచు ఎర్రబడుతోంది.

"జమీనా అవ్వా?"

"ఇంగేమనుకుంటివే? పసుపు కుంకుమ భూమి. ఎకరా నీకు రాయల్లనుకుంటి. వద్దని ఊరంతా వినేటట్ల అరిస్తివి గదా."

"నేను వద్దనింది ఆవు పాలవ్వా. నేను తాగేది మానేసినాను గదా, అది."

అవ్వ గుమ్మం పట్టుకుంది. ఆమె పెదవులు కదిలాయి. ఏరిన గడ్డను మళ్ళీ ఏరుతున్నట్టు, ఆ రోజు పెరట్లో అనుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసుకుంటోంది.

"నోరు లేని చిన్నోడు?"

"దూడవ్వా."

"దూడా," అంది అవ్వ. "నేను ఇస్తానంటే నువ్వు మొహాన కొట్టినట్ల వద్దంటివనుకుంటి."

"నువ్వు ఇస్తానంటే నేను యాల వద్దంటానవ్వా? నాకసలు ఎవరూ చెప్పలేదు. నన్ను ఎవరడిగిరి?"

ముగ్గురూ నా వైపు తిరిగారు. బయ్యప్ప పెన్ను మూత కూడా పెట్టేశాడు.

"తమాషాకు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా తమాషాలకు ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. కనీసం రాయి విసిరేవాళ్ళయినా ఉంటారు.

"తమాషా ఒక పూట ఉంటాది," అంది అవ్వ. "పదైదు దినాలు ఏం చేస్తాంటివిరా?"

నా దగ్గర ఏడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఏడూ మంచివే. ఒకదాంట్లో పాము కూడా ఉంది. అక్క తిట్టి ఉంటే, చేతిలోని అట్లకాడ నా మీదికి విసిరి ఉంటే, పాము కథతో బయటపడేవాణ్ణి. ఆమె తిట్టలేదు. స్టవ్ ఆపేసింది. కాగితం మడిచి బయ్యప్ప చేతికిచ్చి, గోడకు ఆనుకుని నేను చెప్పేదాకా నిలబడింది.

"ఫస్టు దినం తమాషానే అవ్వా. నిజంగా. ఆ పూటే చెప్దామనుకుంటి."

"చెప్పలేదు గదా."

"మర్నాడు నీ చేనుకాడికి పోయినా. గడ్డ తవ్వేసినాక మట్టి అంతా మెత్తగా ఉండాది. ఊరికే నిలబడి చూసినా. బాగుండింది. దాని తర్వాత దినామూ పోయినా. చింతామణికి పోతాండానని చెప్పి, బస్సు దిగేసి చేనుకాడికే పోయినా."

"పోయి?"

"నడిస్తి."

"యాడ నడిస్తివి? నీ ఎకరాలోనా?"

రొట్టె పెనం మీదే నల్లబడుతోంది. ఎవరూ తీయలేదు.

"లేదవ్వా," అన్నాను. "ఈ కొస నుంచి ఆ కొసకు. అక్క ఎకరా గూడా నాదే అనుకొని నడిస్తి."